కోట దర్బార్ తలుపు మనిషి

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళే దారిలో, రాయగడ లారీలు ఆగే చోట, కోట దర్బార్ అని ఒక హోటలుంది. అక్కడ కోటా లేదు, దర్బారూ లేదు. రేకుల షెడ్డుకి ముందువైపు సిమెంటుతో రెండు బురుజులు కట్టించి, ఇటుకరంగు కొట్టించి, మధ్యలో అద్దాల తలుపు పెట్టించాడు యజమాని నరసింగరావు. ఆ తలుపు దగ్గర కూర్మయ్య నిలబడేవాడు. ఎర్ర కోటు, బంగారు రంగు గుండీలు, కుచ్చు తలపాగా, నడుముకి వెడల్పాటి పటకా, అన్నీ హోటలువి. మీసం ఒక్కటే సొంతం. కారు ఆగగానే మడమలు కలిపి సలాం కొట్టాలి, తలుపు తియ్యాలి, తిని వెళ్ళేవాళ్ళకి ఇంకో సలాం కొట్టి "నమస్కారం సార్, మళ్ళీ రండి" అనాలి. ఇంత సుళువైన ఉద్యోగం లోకంలో ఇంకోటి ఉండదని లోపలికి పోయేవాళ్ళు అనుకునేవారు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఒక్కచోట నిలబడి చూస్తే అప్పుడు తెలుస్తుంది.

కూర్మయ్యది చీపురుపల్లి పక్క పల్లె. జూట్ మిల్లులో బస్తాలు మోశాడు. మిల్లు పని పోయాక మేస్త్రీల వెంట తిరిగాడు. నడుం పట్టేసి ఇంట్లో కూలబడ్డప్పుడు, అమ్మవారి పండక్కి అతను దుర్యోధనుడి వేషం కట్టిన ఫోటో ఎవరో నరసింగరావుకి చూపించారు. నరసింగరావు పిలిపించి కాళ్ళ దగ్గర్నుంచి మీసం దాకా చూసి, "మీసం తియ్యకురా, నీ జీతం దాన్లోనే ఉన్నాది" అన్నాడు. నడుం నొప్పివాడికి నిలబడే పని దొరికింది. దానికీ జగ్గమ్మ, అంటే కూర్మయ్య భార్య, అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది.

జీతం సంగతి అడిగితే నరసింగరావు పెద్దగా నవ్వాడు. "నానిచ్చేదేటిరా? తలుపే ఇస్తాది నీకు. లోపల తిన్నోడు బయటికొచ్చేసరికి రాజైపోతాడు. రాజు సెయ్యి ఊరికే ఉంటాదేటి?" అని, జీతమనే పేరుకి ఇంత విదిలించాడు.

రాజుల చేతులు నిజంగానే ఊరికే ఉండేవి కావు. ఆ డబ్బు మాత్రం కూర్మయ్యకి దక్కేది కాదు. కౌంటరు మీద ఒక గాజు డబ్బా ఉండేది. బల్ల దగ్గర సర్వరుకిచ్చినా, తలుపు దగ్గర కూర్మయ్యకిచ్చినా తెచ్చి అందులో వెయ్యాలి. నెలాఖరుకి పంచుతానని చెప్పి, పగిలిన ప్లేట్లకింత, కోటు ఉతుక్కింత తీసేసుకుని, అడుగున మిగిలింది పంచేవాడు ఆ మహానుభావుడు. ఎవడైనా జేబులో వేసుకుంటాడేమోనని తలుపు మీద కెమెరా బిగించాడు. తరవాత ఫోనులో డబ్బు కట్టే రోజులొచ్చాయి. కూర్మయ్య కోటు మీద, సరిగ్గా గుండె దగ్గర, స్కానర్ అట్ట ఒకటి తగిలించాడు. జనం కూర్మయ్య గుండెకి ఫోను చూపించేవారు, లోపల కౌంటరు మీద పెట్టె డబ్బొచ్చిందని అరిచేది, అది నరసింగరావు ఖాతాలో పడేది. మనిషి మొహం చూడకుండా, చెయ్యి తగలకుండా ఇనాం ఇవ్వడం అందరికీ హాయిగా ఉంది.

"మళ్ళీ రండి" అన్న మాట మొదట్లో కూర్మయ్య నోటికి పట్టలేదు. అది అతని యాస కాదు. మరిచిపోయినప్పుడల్లా నరసింగరావు జీతంలో కోత పెట్టేవాడు. దాంతో జగ్గమ్మే ఇంటి దగ్గర సాధన చేయించింది. ఆవిడ బిందె పట్టుకుని గుమ్మం దాటేది, కూర్మయ్య మడమలు కలిపి "నమస్కారం మేడమ్, మళ్ళీ రండి" అనేవాడు. నవ్వలేక చచ్చేది. కొన్నాళ్ళకి ఆ మాట అతన్ని పట్టుకుంది. కరెంటు తీసెయ్యడానికొచ్చిన లైన్‌మాన్‌కి కూడా సలాం కొట్టి మళ్ళీ రమ్మన్నాడు. ఎవరైనా వీపు చూపించి వెళ్తుంటే చాలు, చెయ్యి తనంతట తనే లేచేది, నోరు తనంతట తనే తెరుచుకునేది. తర్వాత జగ్గమ్మ నవ్వడం మానేసింది.

ఆ తలుపులోంచి వచ్చేవాళ్ళలో కూర్మయ్య చెయ్యి తాకినవాడు ఒక్కడే. సోములు నాయుడు, గజపతినగరంలో మామిడికాయల కమీషన్ వ్యాపారం. నున్నగా గీసిన మొహం, మీసం లేదు, ఎప్పుడూ వేళ్ళకి మామిడి సొన వాసన. వారంలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం అక్కడే భోజనం. వెళ్ళేటప్పుడు చెయ్యి చాపి కరచాలనం చేసేవాడు. ఆ చేతిలో మడతపెట్టిన నోటుండేది. కెమెరాకి రెండు చేతులు కలిసినట్టే కనపడేది.

"నానూ బరంపురం హోటల్లో సర్వరుగా సేసినోడినేరా. పైకి సూపించి ఇస్తే అది ముష్టి. సేతిలో పెట్టాల" అని, కూర్మయ్య వేళ్ళు తనే మూసేవాడు. ఆ మడత నోటుతోనే జగ్గమ్మ మోకాళ్ళ మాత్రలు వచ్చేవి.

వెళ్తూ వెళ్తూ ఎప్పుడూ ఒకే మాటనేవాడు. "నువ్వెప్పుడు కూకుంటావురా కూర్మయ్యా?"

తలుపు దగ్గర కుర్చీ లేదు. కుర్చీ ఉంటే మనిషి కూర్చుంటాడు, మనిషి కూర్చుంటే దర్బారు పోతుందని నరసింగరావు శాసనం.

"ఒకనాడు నువ్వు లోపల కూకొని తిను. తలుపు కాడ నానుంటాను. నీకు నాను సలాం కొడతాను" అనేవాడు సోములు నాయుడు.

"తప్పు బాబూ, అలగనకండి" అని కూర్మయ్య సిగ్గుపడేవాడు. తరవాత మడమలు కలిపి, "నమస్కారం సార్, మళ్ళీ రండి" అనేవాడు. ఆయన ఒక్కడికే ఆ మాట మనసారా అనేవాడు.

చైత్రం చివర, మామిడి లారీల హడావుడిలో, సోములు నాయుడు బావమరిది త్రినాథ్‌ని వెంటబెట్టుకుని భోజనానికొచ్చాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి కుర్చీలో కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తల ఒక పక్కకి వాల్చాడు. పక్క బల్ల దగ్గర తింటున్న ఆరెంపీ డాక్టరు నాడి చూసి, ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకుని, ఇంకేమీ లేదన్నాడు. త్రినాథ్ గొల్లుమన్నాడు. సర్వర్లు ఆయన్ని కుర్చీతో పాటే ఎత్తి కారు వైపు తీసుకెళ్ళారు.

కూర్మయ్య ఏడుస్తూ తలుపు తెరిచి పట్టుకున్నాడు. కుర్చీ గడప దాటుతుంటే సోములు నాయుడి చెయ్యి పక్కకి వేలాడింది. ఆ వేళ్ళు కూర్మయ్య అరచేతిని రాసుకుంటూ పోయాయి. రోజూ తగిలే చోటే తగిలాయి. అంతే, మడమలు కలిశాయి, చెయ్యి లేచింది.

"నమస్కారం సార్, మళ్ళీ రండి."

కుర్చీ మోస్తున్న సర్వర్లు ఆగిపోయారు. పోయినవాడి ఇంటికెళ్ళి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని కూడా ఎవరూ అనరు, మాటా పలుకూ లేకుండా లేచి వచ్చేస్తారు. అలాంటిది గడప దాటుతున్న శవాన్ని పట్టుకుని మళ్ళీ రమ్మన్నాడు. త్రినాథ్ ఏడుపు ఆపి తిరిగి చూశాడు. కూర్మయ్య టపటపా లెంపలేసుకున్నాడు. అన్న మాట వెనక్కి రాలేదు. నరసింగరావు మాత్రం, "ఏడుపాపరా, కస్టమర్లు సూస్తన్నారు" అని, ఆ కుర్చీ కడిగించి మళ్ళీ అదే బల్ల దగ్గర వేయించాడు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చింది. బయట కార్లు లేవు, లోపల జనం పల్చగా ఉన్నారు. కూర్మయ్య తలుపుకి ఆనుకోకుండా, ఆనుకున్నట్టు నిలబడ్డాడు. లోపలి నుంచి ఎవరో తలుపు తోశారు. అలవాటుగా పిడి పట్టి తెరిచాడు. గడపలో ఎవరూ లేరు. మామిడి సొన వాసన గుప్పుమంది. అతని కుడిచేతిలోకి ఇంకో చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది, తడిగా లేదు. బరువుగా, తీరుబడిగా వేళ్ళు ఒక్కొక్కటీ మూసింది. నోటు మడత మూల అరచేతిలో గుచ్చుకున్నట్టు కూడా తెలిసింది. గుప్పిట విప్పి చూసుకుంటే ఏమీ లేదు. వాకిలి వైపు ఎవరో నడిచిపోతున్నట్టు కంకర నలిగింది.

ఆ కంకర చప్పుడు వినగానే చెయ్యి లేచింది. "నమస్కారం సార్, మళ్ళీ రండి" అంది నోరు. ఆ తరవాత కూర్మయ్యకి వణుకు పుట్టింది.

పిలిస్తే రాకుండా ఉంటాడా! ఆ మర్నాడూ వచ్చాడు, ఆ పైన కూడా వచ్చాడు. వచ్చినప్పుడల్లా చెయ్యి కలిపాడు, వెళ్ళినప్పుడల్లా కూర్మయ్య మళ్ళీ రమ్మన్నాడు. భయం వేసింది, లేదని కాదు. కానీ ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకి కోటు సర్దుకుని, అరచెయ్యి కోటుకి తుడుచుకుని ఎదురు చూసేవాడు కూడా. ఈ రెండో సంగతి జగ్గమ్మకి చెప్పలేదు. జగ్గమ్మ అతని కుడిచెయ్యి చూసింది. తెల్లగా పాలిపోయి, వేళ్ళ కొసలు ముడతలు పడున్నాయి. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేస్తే ఘాటు రాలేదు.

"పోయినోడ్ని రమ్మని నువ్వే పిలిసీసి ఇప్పుడు వణికితే ఏటి? రావొద్దని సెప్పు."

"నోట్లోంచి రావట్లేదే."

"ఏటి రావట్లేదు?"

"రావొద్దన్న మాట" అన్నాడు కూర్మయ్య. జగ్గమ్మ అతని చెయ్యి తన కొంగులో చుట్టుకుని ఏడ్చింది.

ఈలోగా నరసింగరావు కెమెరా బొమ్మలు తిప్పి చూశాడు. కూర్మయ్యని లోపలికి పిలిచి తెర చూపించాడు. తలుపు తెరుచుకుంది. కూర్మయ్య చెయ్యి చాపాడు. చెయ్యి పైకీ కిందికీ ఊగింది. గుప్పిట మూసుకుంది. ఎదురుగా ఖాళీ గడప. తలుపు మాత్రం పెద్దవాడెవరో దాటేదాకా ఆగినట్టు ఆగి, నెమ్మదిగా మూసుకుంది.

"డబ్బేది?" అన్నాడు నరసింగరావు.

"అక్కడెవులున్నారు బాబూ?"

"ఎవులుంటే నాకేటిరా? సెయ్యి సాపావా నేదా? గుప్పిట మూసావా నేదా? రోజూ ఇదే వేళకి మూస్తన్నావు. డబ్బేది?"

తలపాగా విప్పించి దులిపించాడు, జేబులు తిరగేయించాడు. ఏమీ దొరక్కపోయేసరికి కోపం రెట్టింపైంది. దయ్యాన్ని చూసి కూడా దాని దగ్గర తన వాటా వెతుక్కునేవాడు ఉంటాడా అంటే, ఉన్నాడు, కౌంటరు వెనక కూర్చునేవాడు. ఇంకోసారి గుప్పిట మూస్తే కోటు విప్పి ఇంటికి పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం త్రినాథ్ మోటారుసైకిలు మీద కూర్మయ్య ఇంటికొచ్చాడు. చెప్పులు లేవు, గడ్డం పెరిగింది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

మూడోనాడు చిన్నదినానికి చంపావతి ఏటి ఒడ్డున ఆకులో అన్నం పెడితే కాకి ముట్టలేదు. ఆయన మామిడితోట అమ్మబోమని బంధువులు మాటిచ్చారు. వ్యాపారం నడిపిస్తామని, భార్యని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటామని ఒక్కొక్కరూ నీళ్ళొదిలి చెప్పారు. కాకులు వచ్చాయి, తీగ మీద కూర్చున్నాయి, దిగలేదు. రోజూ పెడుతున్నారు, దిగడం లేదు. ఆయన భార్య ధనలక్ష్మి, కాకి ముట్టేదాకా తను మెతుకు ముట్టనని పట్టుబట్టింది.

"మా అక్క సుగరు మనిషి. మంచం మీంచి లెగనేకపోతంది. ఎల్లుండి పెద్దదినం దాకా నిలబడతాదని నాకు నమ్మకం నేదు" అన్నాడు త్రినాథ్. కోపంగా వచ్చినవాడు అక్కడికొచ్చేసరికి చేతులు జోడించాడు. "ఆయన్ని నువ్వాపీసావు. నువ్వే పంపాల. రేపు పొద్దున్న ఏటి కాడికి రా మావా, నీ కాళ్ళట్టుకుంటాను."

తన మాట మూలాన ఒక ఆడమనిషి ప్రాణం పోతోంది. కూర్మయ్య ఆ రాత్రంతా "రాకండి బాబూ, రాకండి బాబూ" అని గోడకి చెప్పుకున్నాడు. గోడకి చెప్తే బాగానే వచ్చింది.

పొద్దున్నే చంపావతి ఇసుకలో ఆకు పరిచి అన్నం, ఎండుచేపల పులుసు, చెక్కిన మామిడికాయ పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వరసగా ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ ఆకు వైపు కాకుండా కూర్మయ్య వైపు చూస్తున్నాయి. ధనలక్ష్మిని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. పెదాలు ఎండి పగిలాయి.

"నువ్వేనా కూర్మయ్యవి?" అంది. "నీ పేరు మా ఇంట్లో రోజూ ఇనబడేది. రమ్మన్నోడివి నువ్వే, వద్దని నువ్వే సెప్పాల నాయినా."

తన పేరు ఒక ఇంట్లో రోజూ వినపడేదన్న మాటకి కూర్మయ్య గుండె కలుక్కుమంది. కోటు లేదు, తలపాగా లేదు. మామూలు చొక్కా, లుంగీ. ఆకు ముందు నిలబడి చేతులు జోడించాడు. రాకండి బాబూ అని లోపల ఒకసారి అనుకుని నోరు తెరిచాడు. తడి ఇసుకలో మడమలు వాటంతట అవే కలిశాయి. జోడించిన చేతుల్లోంచి కుడిచెయ్యి విడిపోయి నుదిటికి లేచింది.

"నమస్కారం సార్, మళ్ళీ రండి."

కాకులన్నీ ఒక్కసారి లేచి ఏరు దాటి వెళ్ళిపోయాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఎవడో కూర్మయ్య చొక్కా పట్టుకుని కొట్టబోయాడు. కూర్మయ్య తన నోరు తనే రెండు చేతులా మూసుకుని ఇసుకలో కూలబడ్డాడు. సొంత నోరు సొంతం కాకుండా పోవడం ఎంత అవమానమో అప్పుడు అనుభవించాడు.

"ఒగ్గండి ఆడ్ని" అంది ధనలక్ష్మి. కూర్మయ్య వైపు తిరిగింది. "ఆయన నీతో ఏటనేవోడు? ఎల్లేటప్పుడు ఏదో ఒకటి అనకుండా ఎల్లడు. నాకెరిక."

కూర్మయ్య ఏడుస్తూనే చెప్పాడు. ఎప్పుడు కూర్చుంటావని అడిగేవాడని, ఒకనాడు నువ్వు లోపల తిను, తలుపు దగ్గర నేనుంటానని అనేవాడని.

"బరంపురంలో పగలంతా నిలబెట్టీవోరంట. కాళ్ళు పొంగిపోయీవంట. పెళ్ళైన కొత్తల్లో కూడా నిద్దట్లో లెగిసి నిలబడిపోయీవోడు" అంది ధనలక్ష్మి. "నిన్ను కూకోబెట్టకుండా ఆయన కూకోడు. త్రినాథూ, రేపు పెద్దదినం నాడు మనం ఇక్కడ ఆకెయ్యాల. ఆ వేళకి ఇతన్ని ఆ హోటల్లో, ఆయన కుర్చీలో కూకోబెట్టి అన్నం పెట్టించాల."

పెద్దదినం నాడు మధ్యాహ్నం త్రినాథ్ కూర్మయ్యని కారులో తీసుకొచ్చాడు. జగ్గమ్మ ఉతికి ఇచ్చిన తెల్ల పంచె, తెల్ల చొక్కా. సోములు నాయుడు చివరగా ఇచ్చిన మడత నోటు మాత్రలకి కూడా మార్చకుండా దాచి ఉంచింది, అది కూడా చేతిలో పెట్టింది. నరసింగరావు తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. పనివాడు కస్టమర్ల కుర్చీలో కూర్చోవడమేమిటని గొణిగాడు. త్రినాథ్‌వాళ్ళు పెద్ద గిరాకీ కాబట్టి గట్టిగా అనలేకపోయాడు.

"సరేగాని, తలుపు కాడ ఎవుడుంటాడు?" అన్నాడు.

"ఉంటాడు" అన్నాడు త్రినాథ్. మైలలో ఉన్నాడు కాబట్టి తను లోపలికి రాకుండా కారులోనే కూర్చున్నాడు.

కూర్మయ్య ఎప్పుడూ ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళలేదు. పనివాళ్ళది వెనక దారి. పిడి పట్టుకుందామని చెయ్యి చాపేలోపే తలుపు తెరుచుకుంది. పక్కనుంచి మడమలు కలిసిన చప్పుడు వినపడింది. తల తిప్పకుండా లోపలికి నడిచాడు.

ఆ కుర్చీలో కూర్చోగానే మోకాళ్ళలోంచి పాదాల దాకా నొప్పి జరజరా దిగింది. నిలబడ్డన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో! సర్వరు అసిరయ్య ఆకు వేసి, తలుపు వైపే చూస్తూ పప్పు ఆకు బయట వడ్డించాడు. కూర్మయ్య కూర్చున్న చోటికి అద్దాల తలుపు ఎదురుగా కనపడుతోంది. బయట ఎండ తప్ప ఇంకేమీ లేదు.

ఒక కారు ఆగింది. భార్యాభర్తలు, చిన్న ఆడపిల్ల. వాళ్ళు మెట్టెక్కకముందే తలుపు తెరుచుకుని అలాగే ఆగింది. మొగుడు ఫోను చూసుకుంటూ, పక్కనెవరో నమస్కారం పెట్టినట్టు తలాడించి లోపలికొచ్చాడు. పిల్ల మాత్రం గడప మీద ఆగి, తలెత్తి చూసి, చెయ్యి నుదిటికి పెట్టి తిరుగు సలాం కొట్టింది.

"అమ్మా, ఈసారి తాతకి మీసాల్లేవు" అంది.

అసిరయ్య చేతిలో గరిటె గిన్నెలో పడిపోయింది. కౌంటరు వెనక నరసింగరావు కెమెరా తెర వైపు చూశాడు. ఏం కనిపించిందో ఎవరికీ చెప్పలేదు. కుర్చీ గోడ వైపు తిప్పుకుని, మళ్ళీ ఆ తెర వైపు చూడలేదు.

కూర్మయ్యకి ముద్ద దిగలేదు. కానీ అవతల ఏటి ఒడ్డున ఒక మనిషి ఆకలితో కూర్చుంది, బయట ఎండలో ఒక మనిషి నిలబడ్డాడు. అది తలుచుకుని ఆకు ఊడ్చినట్టు తిన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. తలుపు దాకా వచ్చేసరికి అది తెరుచుకునే ఉంది. మామిడి సొన వాసన.

తిని వెళ్ళేవాళ్ళు తలుపు మనిషితో ఏమంటారో కూర్మయ్యకి తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు, ఆయన తప్ప. చొక్కా జేబులోంచి మడత నోటు తీసి, కుడిచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి గాలిలోకి చాపాడు. చల్లటి అరచెయ్యి వచ్చి కలిసింది. అది సన్నగా వణుకుతోంది. పగలంతా నిలబడ్డవాడి వణుకు అది, కూర్మయ్యకి తెలియందా? ఆ వేళ్ళు ఒక్కొక్కటీ తనే మూశాడు.

"కాళ్ళు లాగేస్తన్నాయి కదా బాబూ?" అన్నాడు. "నాను కూకున్నాను. కడుపు నిండా తిన్నాను. సాలు. ఇంక మీరు కూకోండి. ఇంక రాకండి."

సలాం కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఆ చెయ్యి ఇంకో చేతిలో ఉంది మరి. ఆ పట్టు ఒకసారి గట్టిగా బిగిసి, తరవాత వదులైంది. కంకర చప్పుడు కాలేదు. తలుపు దబ్బున, మామూలు తలుపులాగా మూసుకుంది. మడత నోటు గడప పట్టా మీద పడింది. నరసింగరావు వచ్చి దాన్ని తీసి, దులిపి, గాజు డబ్బాలో వేసుకున్నాడు.

కారులో త్రినాథ్ ఫోను మోగింది. విని, తల స్టీరింగు మీద వాల్చేశాడు. "ముట్టింది మావా" అన్నాడు. "ముందొకటి దిగిందంట, తరవాత అన్నీ దిగిపోయాయంట. అక్క గంజి తాగతంది."

మర్నాడు కూర్మయ్య కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పోయి ఏం చేస్తాడు? నడుం నొప్పివాడికి ఎవరు పనిస్తారు? ధనలక్ష్మి కోలుకున్నాక అతని కోసం చేతుల కుర్చీ ఒకటి పంపించింది. బాగుందని నరసింగరావు దాన్ని లోపల కస్టమర్లకి వేయించాడు. కూర్మయ్య కుడిచేతికి మళ్ళీ రంగొచ్చింది. జగ్గమ్మ సంతోషించింది. జనం వస్తున్నారు, తింటున్నారు, అతని గుండెకి ఫోను చూపించి పోతున్నారు. అందరికీ సలాం కొడతాడు, అందరినీ మళ్ళీ రమ్మంటాడు. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి మాత్రం, కార్లు లేకపోయినా, కూర్మయ్య పిడి పట్టుకుని తలుపు తెరుస్తాడు. అరచెయ్యి కోటుకి తుడుచుకుని కొంచెం ముందుకి పెట్టి నిలబడతాడు. లోపలి చల్లగాలి ఆ చేతిని తాకుతూ బయటికి పోతుంది.

"తలుపు ముయ్యరా కూర్మయ్యా! సల్లదనమంతా పోతంది" అని నరసింగరావు అరుస్తాడు.

పొమ్మన్నది తనే. ఎవరి మీద కోపం తెచ్చుకుంటాడు? ఇంకొంచెంసేపు ఆగి, కూర్మయ్య తలుపు మూసేస్తాడు.